ఎగిరే యుద్ధనౌకలో పడుకునేది ఎక్కడ?

మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. స్నేహితులతో కలిసి ఆడే ఒక ఊహాప్రపంచపు ఆట కోసం విక్టోరియా రాణి కాలపు ఎగిరే యుద్ధనౌక ఒకదాన్ని రూపొందించి, దాని డెక్కుల ప్లాను గీసి నన్ను చూడమని పంపాడు. గీత చాలా శుభ్రంగా ఉంది. ముందు రెండు ఫిరంగులు, వెనుక ఒకటి, నడుమ యంత్రాల గది, వెనుక భాగంలో రంగుటద్దాల కిటికీలతో కెప్టెన్ గది ఉన్నాయి. సిబ్బంది నలభై మంది అని పక్కన రాసి ఉంది. ఆ నలభై మంది ఎక్కడ పడుకుంటారో, ఎక్కడ తింటారో, మరుగుదొడ్డి ఎక్కడుందో ప్లానులో కనబడలేదు. అదే అడిగితే, "కథలో అవన్నీ ఎవరు చూస్తారు మామయ్యా? జూల్ వెర్న్ కూడా చూపించి ఉండడు" అన్నాడు.

ఆ ఫ్రెంచి నవలాకారుడు వెర్న్ చూపించాడు. 1886లో వచ్చిన 'రోబర్ ది కాంకరర్' నవలలో ఆల్బట్రాస్ అనే ఎగిరే నౌకను వర్ణించే అధ్యాయం ఇలాంటి నౌకలన్నిటికీ తాతముత్తాత వంటిది, అందులో వంటగది ఎక్కడుందో, నావికుల గదులు ఎక్కడున్నాయో స్పష్టంగానే ఉంది. ఆ అధ్యాయాన్ని మళ్ళీ తీసి, ఈసారి యంత్రాల మీద దృష్టి పెట్టకుండా మనుషులను లెక్కపెడుతూ చదివాను. అప్పటినుంచి ఒక అభిప్రాయం బలపడుతూ వస్తోంది. పందొమ్మిదో శతాబ్దపు రచయితలను ఎగిరే యుద్ధనౌక అంతగా ఆకర్షించడానికి ఎగరడం ఒక్కటే కారణం కాదని, నావికుల గుంపు అవసరం లేని యుద్ధనౌక అనే కోరిక దానికింద బలంగా ఉందని నాకనిపిస్తోంది. నౌక లోపలి అమరికను చూస్తే ఆ కోరిక బయటపడుతుంది.

ముప్పై మీటర్ల డెక్కు

ఆల్బట్రాస్ పొడవు ముప్పై మీటర్లు, వెడల్పు నాలుగు మీటర్లు. గట్టిగా అదిమి తయారుచేసిన కాగితంతో కట్టిన నౌక అది. సముద్రపు ఓడకున్నట్టే డెక్కు, ఆ కాలపు యుద్ధనౌకలకు శత్రునౌకను పొడవడానికి పెట్టే ముక్కులాంటి ముందుకొస, చుట్టూ కటకటాల బదులు తీగల వల ఉన్నాయి. డెక్కు మీద 37 నిలువు స్తంభాలు, ఒక్కో దానికి రెండు చొప్పున 74 పంకాలు తిరుగుతూ నౌకను గాలిలో నిలబెడతాయి. స్తంభాల్లో పదిహేను ఈ పక్క, పదిహేను ఆ పక్క, ఇంకాస్త ఎత్తుగా ఏడు నడుమ. ముందుకు నడిపే పంకాలు రెండు, ఒకటి ముందు కొసన, ఒకటి వెనుక. డెక్కు మీద మూడు గదుల వరుసలుంటాయి. నడిమి దానిలో పైకెత్తే పంకాల యంత్రం, ముందు దానిలో ముందు పంకా యంత్రం, వెనుక దానిలో వెనుక పంకా యంత్రం. వంటగదీ నావికుల గదులూ ముందు. నౌక యజమాని రోబర్ గదీ, మరికొన్ని గదులూ, భోజనశాలా వెనుక. వాటిపైన చుక్కాని పట్టేవాడి గాజు గది. సరుకులూ, నీళ్ళ తొట్టెలూ, విద్యుత్తు పుట్టించే ఏర్పాట్లూ కింద పొట్టలో ఉంటాయి.

ఈ వర్ణనలో ప్రతి ముక్కా పూర్తిగా సముద్రానిదే. మామూలు నావికులు ముందు, అధికారులు వెనుక అనే విభజన తెరచాపల కాలం నుంచి వచ్చింది. చుక్కాని ఓడ వెనుక ఉంటుంది కాబట్టి దాన్ని పట్టేవాడూ వెనకే ఉండేవాడు, అతని దగ్గరే అధికారీ ఉండేవాడు, అందుకే వెనుక భాగానికి గౌరవం వచ్చింది. గాలిలో ఆ కారణాలు వర్తించవు. గాలిలో నౌకను నడిపేవాడు ముందుకు చూడటం ఎంత అవసరమో కిందికి చూడటమూ అంతే అవసరం. వెర్న్ అతన్ని వెనుక కొసన, మేడ మీద కూర్చోబెట్టాడు. అతని కళ్ళముందు పాతిక మీటర్ల డెక్కూ, గిరగిరా తిరిగే పంకాల అడవీ ఉంటాయి, నౌక కిందనున్న కొండ మాత్రం కనబడదు. తరవాతి కాలంలో నిజంగా ఎగిరిన జెప్పెలిన్లలో, అంటే హైడ్రోజన్ నింపిన పొడవాటి జర్మన్ ఆకాశనౌకల్లో, నడిపే గదిని ముందు భాగంలో, పొట్ట కింద వేలాడదీశారు. ఆకాశంలో తిరిగినవాళ్ళకు అది ఎక్కడుండాలో వెంటనే తెలిసిపోయింది.

వంటగది సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. అది ముందు భాగంలో ఉంది, రోబర్ భోజనం చేసేది వెనుక. అంటే వేడి అన్నపానాలను పట్టుకొని వంటవాడు నౌక పొడవునా నడిచిపోవాలి. డెక్కు వెడల్పు నాలుగు మీటర్లు. నడిమి గదుల వరుస రెండున్నర మీటర్లు ఉందనుకుంటే, ఇరుపక్కలా మిగిలే దారి ముప్పాతిక మీటరు, ఆ దారిలో రెండేసి మీటర్లకొక స్తంభం అడ్డం. ఆల్బట్రాస్ వేగం గంటకు 200 కిలోమీటర్లని చెబుతారు. ఆ వేగంలో ఎదురుగాలి ఒక చదరపు మీటరు మీద మోపే ఒత్తిడి సుమారు 190 కిలోలు. గిన్నె సంగతి అటుంచితే, మనిషే నిలబడలేడు. గదుల మధ్య కప్పున్న దారి ఒక్కటి ఉండి ఉంటే ఈ ఇబ్బంది తీరేది. వెర్న్ దాన్ని పెట్టలేదు, ఎందుకంటే ఓడకు తెరిచిన డెక్కు ఉండాలి, దాని మీద తీగల వల పట్టుకొని నిలబడి మనిషి కింది ప్రపంచాన్ని చూడాలి. ఆ దృశ్యం కోసమే నవల రాశాడు. దాన్ని నేను తప్పుపట్టను, చిన్నప్పుడు నన్ను కట్టిపడేసిందీ అదే.

ఎనిమిది మంది

ఇంతకీ ఆ నౌకలో ఎందరున్నారు? రోబర్, అతని సహాయాధికారి టామ్ టర్నర్, ఒక యంత్ర నిపుణుడు, అతనికి ఇద్దరు సహాయకులు, చుక్కాని పట్టేవాళ్ళు ఇద్దరు, వంటవాడు ఒకడు. మొత్తం ఎనిమిది మంది. ప్రపంచాన్ని చుట్టివచ్చే ప్రయాణం వారాల తరబడి సాగుతుంది, నౌక రాత్రింబవళ్ళు ఎగురుతూనే ఉంటుంది. చుక్కాని దగ్గర ఇద్దరే ఉంటే ఒక్కొక్కడు రోజుకు పన్నెండు గంటలు నిలబడాలి, వారానికి ఏడు రోజులూ నిలబడాలి. యంత్రాల గదులు మూడు, యంత్రాలు తెలిసినవాళ్ళు ముగ్గురు. గదికొకడు చొప్పున కాపలా పెడితే నిద్రకు ఎవరూ మిగలరు. వైద్యుడు లేడు. వడ్రంగి లేడు. ఒకడికి జ్వరం వస్తే వాడి పని చెయ్యడానికి రెండోవాడు లేడు.

దీనికి వెర్న్ తరఫున చెప్పదగిన జవాబు ఒకటుంది, అది బలమైనదే. ఆల్బట్రాస్‌ను నడిపేది విద్యుత్తు. బ్యాటరీలు బొగ్గు అడగవు, బూడిద వదలవు, వాటి ఎదుట పార పట్టుకొని ఎవరూ నిలబడనక్కరలేదు. ఈ మాటకెంత బరువుందో తెలియాలంటే ఆ కాలపు అసలు యుద్ధనౌకను చూడాలి. 1860లో నీటిలోకి దిగిన బ్రిటిష్ ఇనుప యుద్ధనౌక వారియర్ పొడవు సుమారు 128 మీటర్లు, అందులో సిబ్బంది ఏడువందల మంది పైమాటే. పది బాయిలర్లకు నలభై కొలిమి నోళ్ళుండేవి, ఓడ కదలాలంటే ఆ నోళ్ళలో మనుషులు బొగ్గు వేస్తూ ఉండాలి. ఫిరంగుల డెక్కు మీదే నావికుల కాపురం. ఫిరంగికీ ఫిరంగికీ నడుమ ఒక భోజనపు బల్ల. రాత్రికి వాటిపైనే గుడ్డ ఊయలలు కట్టుకొని వరుసగా పడుకునేవారు. తెల్లవారగానే ఊయలలు చుట్టి డెక్కు కడిగేవారు. తిన్నా, పడుకున్నా, పోరాడినా ఆ నాలుగు గోడల మధ్యే.

ఈ ఏడువందల మంది నుంచి ఆ ఎనిమిది మందికి దిగడంలోనే ఆ కల అంతా ఉందంటాను. బొగ్గు మోసేవాళ్ళు పోయారు, తాళ్ళు లాగేవాళ్ళు పోయారు, వాళ్ళను అదుపులో పెట్టే అధికారుల అంచెలూ పోయాయి. మిగిలింది ఒక ఇంజనీరూ, అతని మాటకు ఎదురు చెప్పని కొందరు నిపుణులూ. రోబర్ స్వయంగా ఇంజనీరు, కెప్టెన్ గది అతనిదే అన్న సంగతి మరిచిపోకూడదు. అప్పటి బ్రిటిష్ నౌకాదళంలో ఓడను నడిపించే అధికారుల కంటే ఇంజనీర్లకు ఒక మెట్టు తక్కువ గౌరవం దక్కేది. ఇద్దరికీ ఒకే రకమైన తొలి శిక్షణ ఇవ్వాలన్న నిర్ణయం 1902 చివరలో గాని రాలేదు. వెర్న్ ఫ్రెంచివాడైనా, యంత్రం తెలిసినవాడే ఓడకు యజమాని కావాలన్న ఆ తరం కోరిక అతని నౌకలో తీరింది. అలా తీరడానికి, యంత్రాన్ని తన కండలతో నడిపే మనిషిని ప్లానులోంచి తీసెయ్యవలసి వచ్చింది.

ఆ నౌకలో పనివాడి స్థానం ఏమిటో చూపే ఘట్టం ఒకటుంది. బందీలుగా పట్టుకొచ్చిన అమెరికన్లలో ఒకరి నల్లజాతి సేవకుడు ఫ్రైకాలిన్ భయంతో అరుస్తుంటే, ఆ గోల భరించలేక అతన్ని ఒక తొట్టెలో కూర్చోబెట్టి తాడుకు కట్టి నౌక కింద వేలాడదీస్తారు. వెర్న్ దాన్ని నవ్వుకోవడానికి రాశాడు. ఇవాళ చదివితే నవ్వు రాదు. ఆ పాత్రను మలిచిన తీరులోనే జాతి అహంకారం ఉందన్నది ఒక మాట. డెక్కు మీద చోటు ఎవరికి హక్కుగా ఉంది, ఎవరికి దయగా దొరికింది అన్నది కూడా ఆ తొట్టె చెబుతోంది.

చిన్న పడవల వాదన

నా వాదనకు ఎదురు నిలిచే నిజమైన ఉదాహరణ ఒకటుంది. 1876లో థోర్నీక్రాఫ్ట్ అనే ఆంగ్ల సంస్థ కట్టిన లైట్నింగ్ అనే టార్పెడో పడవ పొడవు ఇరవైయారు మీటర్ల పైచిలుకు, వెడల్పు మూడు మీటర్ల పైన. దాదాపు ఆల్బట్రాస్ కొలతలే. దాని సిబ్బంది పదిహేను మంది. ఆవిరితో నడిచే పడవకే పదిహేను మంది చాలితే, విద్యుత్తుతో నడిచేదానికి ఎనిమిది మంది ఎందుకు చాలరు అని ఎవరైనా అడగవచ్చు. చిన్న ఓడతో పెద్ద ఓడను ముంచవచ్చన్న ఆశ ఆ రోజుల్లో అందరికీ ఉండేది, ఎగిరే యుద్ధనౌక ఆ ఆశకే రెక్కలు కట్టింది.

అయితే టార్పెడో పడవ రేవును కనిపెట్టుకొని ఉండే పడవ. వెళ్ళి, దెబ్బ కొట్టి, తిరిగివచ్చి, రేవులో పడుకునే మనుషుల కోసం కట్టింది అది. లోపల నిద్రకు సరైన చోటు లేకపోయినా, ఒకటి రెండు రాత్రులు ఓర్చుకోవచ్చు. ఆల్బట్రాస్‌కు దారిలో రేవు లేదు. అందువల్ల సిబ్బంది సంఖ్య ఎంతన్నది అసలు ప్రశ్న కానే కాదని నాకు అర్థమైంది. ఒక మనిషి పని దిగినప్పుడు అతని చోట నిలబడే రెండో మనిషి ఉన్నాడా, దిగినవాడు ఒళ్ళు వాల్చే చోటు ఉందా అన్నదే చూడాలి.

విశాఖ రామకృష్ణా బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిని లోపలికి వెళ్ళి చూసినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ నౌక పొడవు తొంభై మీటర్ల పైన, అందులో బతికినవాళ్ళు డెబ్బై మందికి పైగా. నేను వెళ్ళినప్పుడు గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరుతూ ముందు భాగానికి చేరాం. టార్పెడోల పక్కనే గోడకు బిగించిన పడకలున్నాయి. మా వెనకున్న పెద్దావిడ ఆ పడకను అరచేత్తో కొలిచి, "ఇందులో పక్కకు తిరిగి పడుకోవడమెట్లా నాయనా?" అని అడిగింది. చూపిస్తున్న మాజీ నావికుడు, పక్కకు తిరగాలన్న ఆలోచన వచ్చేలోపే నిద్ర పట్టేసేదమ్మా అన్నాడు. తరవాత ఆవిడ వంటగది దగ్గర చాలాసేపు ఆగిపోయింది. మన ఇళ్ళలో స్నానాల గదంత ఉందది. అంతమందికి మూడు పూటలా అక్కడే వండారు. గాలి చొరని గోడల మధ్య, బయటికి అడుగు పెట్టే వీలు లేకుండా, ప్రతి అంగుళానికీ లెక్క చెప్పుకుంటూ బతికే ఆ బతుకు, ఎగిరే యుద్ధనౌకలోని బతుకుకు వారియర్ కంటే ఎంతో దగ్గర.

బయటినుంచి గీసిన ప్లానులు

1893లో జార్జ్ గ్రిఫిత్ అనే ఆంగ్ల రచయిత ఎగిరే యుద్ధనౌకలతో ఐరోపా యుద్ధాన్ని ఊహించి ఒక నవల రాశాడు. గాలి ఒత్తిడితో పేలుడు గుండ్లు విసిరే తుపాకులతో, కిందివాళ్ళు అందుకోలేనంత ఎత్తునుంచి ఆ నౌకలు దాడి చేస్తాయి. వాటికి బొమ్మలు వేసినవాడు ఫ్రెడ్ టి. జేన్. అయిదేళ్ళ తరవాత, 1898లో, ప్రపంచ యుద్ధనౌకలన్నిటి వివరాలతో వార్షిక గ్రంథాన్ని మొదలుపెట్టినవాడూ అతనే, ఆ గ్రంథం ఇవాళ్టికీ అతని పేరుతోనే నడుస్తోంది. ఊహలో ఎగిరే నౌకనూ, సముద్రం మీది అసలు నౌకనూ గీసిన చెయ్యి ఒకటే కావడం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. జేన్ ప్లానులు యుద్ధనౌకను ఎదుటివాడు చూడవలసినట్టు చూపిస్తాయి. కవచం ఎక్కడ మందం, ఏ ఫిరంగి ఏ దిక్కుకు తిరుగుతుంది, పొగగొట్టాలెన్ని అన్నవే అందులో కనిపిస్తాయి. శత్రువును గుర్తుపట్టడానికి అవి చాలు. పడకలూ, పొయ్యిలూ శత్రువుకు అక్కరలేదు.

ఎగిరే యుద్ధనౌకలు గీసేవాళ్ళు నేటికీ ఆ చూపునే వారసత్వంగా తీసుకున్నారు. మా మేనల్లుడి ప్లాను కూడా అలాంటిదే. ఇక ఆ నవలల్లో శత్రువు ఎక్కువగా నేల మీదే ఉంటాడు, తిరిగి కొట్టలేడు. ఆల్బట్రాస్ ఆఫ్రికాలో దహోమీ అనే రాజ్యం మీద కాల్పులు జరిపే ఘట్టంలో కూడా పైనున్నవాళ్ళకు ఏ ప్రమాదమూ ఉండదు. గాయపడేవాడు లేని నౌకలో ఆసుపత్రి గది ఎందుకు? పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా సైన్యాలు వలస దేశాల మీద చేసిన యుద్ధాల్లో ఈ అసమానం ఉండనే ఉంది. కథకులు దాన్ని ఆకాశానికెత్తారు.

నిజంగా ఎగిరినప్పుడు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరే యుద్ధనౌకలు నిజంగానే వచ్చాయి. వాటిలో మనుషులు ఎలా బతికారో చెప్పడానికి ఎల్ 59 అనే జెప్పెలిన్ ఒక్కటి చాలు. 1917 నవంబరులో అది బల్గేరియాలోని యంబోల్ నుంచి బయలుదేరి, తూర్పు ఆఫ్రికాలోని జర్మన్ సేనకు సరుకులు చేర్చడానికి సూడాన్ దాకా వెళ్ళి, వెనక్కి రమ్మన్న ఆదేశం అందడంతో తిరిగివచ్చింది. ఎక్కడా దిగకుండా 95 గంటలు, 6,700 కిలోమీటర్లకు పైగా ఎగిరింది. దాని పొడవు 226 మీటర్లు, మనుషులు ఇరవైరెండు మంది. పగలు ఎడారి వేడి, రాత్రి ఎముకలు కొరికే చలి. చుట్టూ హైడ్రోజన్ కాబట్టి నిప్పు రాజేసే మాట లేదు. సిబ్బంది తలనొప్పులతో, నిద్రలేమితో అల్లాడిపోయారు, కొందరికి లేనివి కనబడ్డాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అదే నౌక ఒట్రాంటో జలసంధి మీద మండిపోయి, అందులోని వారందరూ చనిపోయారు.

ఇరవైరెండు మంది అన్న అంకె వెర్న్‌ను కొంతవరకు సమర్థిస్తుంది. గాలి ప్రతి కిలోకూ ధర అడుగుతుంది కాబట్టి ఎగిరే నౌకలో వందల మందికి తావు లేదు, ఆ సంగతి ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. అయితే మనుషులు తగ్గితే బతుకు సుఖపడుతుందన్న భ్రమను ఎల్ 59 చెరిపేసింది. వంతులు వేసుకొని, గుడ్డ ఊయలల్లో నిద్రపోతూ ఇరవైరెండు మంది నాలుగు రోజులకే ఆ స్థితికి వస్తే, వంతులే లేని ఎనిమిది మంది వారాల తరబడి ఎగిరి, గ్రంథం చివరిదాకా ఒక్క తప్పైనా చెయ్యకుండా ఎలా ఉన్నారు? ఆ నౌకను చివరికి కూల్చింది బందీలు పెట్టిన పేలుడు పదార్థం. నాకు మాత్రం అంతకు ముందే, ఏదో ఒక తెల్లవారుజామున, గాజు గదిలో కునుకు పట్టిన ఒక చుక్కాని మనిషి కూల్చి ఉండేవాడనిపిస్తుంది.

అయితే ఎలా గీయాలి? ఆల్బట్రాస్ మీదే ప్రయత్నించాను. చుక్కానికి ఒకడు, ఎత్తు చూసేవాడొకడు, దిక్కులు కనిపెట్టేవాడొకడు, యంత్రాల గదులకు ముగ్గురు, మొత్తం ఆరుగురు. మూడు వంతులకు పద్దెనిమిది. వంటకు ఇద్దరు, వైద్యుడొకడు, మరమ్మతులకు ఇద్దరు, అధికారులు ముగ్గురు. ఇరవైయారు మంది తేలారు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు అయిదు లీటర్ల నీళ్ళంటే నెలకు దాదాపు నాలుగు టన్నులు. తిండి, పక్కబట్టలు, మనుషుల బరువు కలిపితే మొత్తం ఎనిమిది టన్నులకు దగ్గరగా వస్తుంది. ఎనిమిది మందికైతే అదే లెక్కలో రెండున్నర టన్నులు చాలు. తేడా అయిదు టన్నుల పైన. ఆ బరువును ఫిరంగుల నుంచో, మందుగుండు నుంచో తగ్గించుకోవాలి.

బరువు తరవాత చోటు. చుక్కాని గది ముందుకొచ్చి కొస కిందికి దిగింది. వంటగది నడుమకు జరిగింది, ఇప్పుడు ఏ గదికైనా అక్కడినుంచి పదిహేను మీటర్లకు మించదు. మూడు గదుల వరుసలను కలుపుతూ కప్పున్న దారి వేశాను. పడకలు మూడంచెలుగా, వంతు దిగినవాడు వంతు ఎక్కినవాడి పడకలో పడుకునేలా పద్దెనిమిది సరిపోయాయి. ఇవన్నీ పెట్టేసరికి పైన తెరిచిన డెక్కు దాదాపు మాయమైపోయింది, నౌక ఓడలా కాకుండా జలాంతర్గామిలా కనబడసాగింది. ఇక్కడ నాకు సందేహం వచ్చింది. మనుషులకు న్యాయం చేసే ప్లానులో ఆ కథకున్న అందమే పోతుంటే, ఆ కథను ప్రేమించినవాడిగా నేనేం సాధించినట్టు?

చాలా ఆలోచించి వెనుక భాగంలో, యంత్రాల గది గోడ చాటున, ఆరు మీటర్ల డెక్కును అలాగే ఉంచాను. గంటకు నలభై కిలోమీటర్లకు మించని వేగంలో మాత్రమే దాని తలుపు తీస్తారు. ఆ వేగంలో గాలి ఒత్తిడి ఇరవైయయిదో వంతుకు తగ్గుతుంది, తీగల వల పట్టుకొని నిలబడవచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు. ఆ డెక్కు కెప్టెన్ కోసం కాదు. వంతు దిగి వచ్చినవాళ్ళు పడుకోబోయే ముందు కాసేపు గాలి పీల్చుకోవడానికి. దానికోసం మందుగుండు గదిలో మూడో వంతు తీసేశాను.